ప్రతినిధి నాన్న

పెద్ద టీచరు పోయిన రోజునే విద్యామంత్రిగారు ఆ సంవత్సరాన్ని ‘తల్లిదండ్రుల భాగస్వామ్య సంవత్సరం’గా ప్రకటించారు. రెండు కబుర్లూ బడికి ఒకే ఉదయం, ఒకే ఫోనులో, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. హెడ్మాస్టరుగారు కార్యదక్షులు. రెండింటికీ కలిపి ఒకటే సభ పెట్టేశారు.

పిల్లలందరూ వరసల్లో నిలబడి మౌనం పాటిస్తున్నారు. మౌనం సగంలో ఉండగా మంత్రిగారి ప్రకటన పూర్తి పాఠం చేతికందింది. అందిన వెంటనే చదివి వినిపించాలని దాని మీదే ఉంది. ఉత్తర్వంటే ఉత్తర్వే. హెడ్మాస్టరుగారు వంచిన తల ఎత్తకుండా, గొంతులో విచారం ఏమాత్రం చెదరనీయకుండా చదివారు. “ఈ ఏడాది ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ బడిలో ఉంటారు. నూటికి నూరు శాతం. ఏ కుటుంబం అవసరం ఆ కుటుంబానిదేనని ప్రభుత్వానికి తెలుసు. అందుకే అందరికీ ఒకటే పరిష్కారం కనిపెట్టాం.”

పిల్లలు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. మిగిలిన సగం మౌనం వీలు చూసుకుని పాటించాలని హెడ్మాస్టరుగారు తీర్మానించారు.

చిన్న టీచరు ఆ సభలో లేదు. ఆ సమయానికి ఆమె ఆసుపత్రిలో అక్క చెప్పులు సంచిలో పెట్టుకుంటోంది. తర్వాత బడికి వచ్చినప్పుడు సభ ఎంత బాగా జరిగిందో అందరూ ఆమెకి చెప్పారు. ఆమె సరేనంది. ఇద్దరూ ఒకే బడిలో పనిచేసేవాళ్ళు కాబట్టి అక్కని పెద్ద టీచరనీ, చెల్లెల్ని చిన్న టీచరనీ పిలవడం అలవాటు. పెద్ద టీచరు లేకపోయాక కూడా ఈమెని ఎవరూ ఉత్త టీచరు అనలేదు.

పెద్ద టీచరుకి తల్లిదండ్రులతో మాట్లాడ్డం ఒక పిచ్చి. రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మతో, ఆమె పొద్దున్నే బస్సు దిగే చోట నిలబడి మాట్లాడేది. మోకాళ్ళ నొప్పుల మామ్మని మేడ ఎక్కించకుండా, మనవడి పుస్తకాలు తనే కిందికి పట్టుకొచ్చి కింది మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చునేది. మూడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పాప ఉంది. కిటికీ పాప అంటారు. దానికి అమ్మ లేదు. నాన్నకి లాండ్రీ షాపు. ఆయనకి పుట్టినప్పట్నుంచీ వినబడదు, మాట రాదు. చదవడమూ రాదు. పెద్ద టీచరు ఆయన దగ్గర బట్టలు ఇస్త్రీ చేయించుకుంటూ చేయించుకుంటూ సైగల భాష నేర్చేసుకుంది. మొదట్లో ‘మీ పాప బాగా చదువుతోంది’ అనబోయి ‘మీ పాప మంచి గుర్రం’ అందట. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడట.

ఇవేవీ ఏ పథకం కిందా లేవు. అందువల్ల ఆఫీసు లెక్క ప్రకారం జరగలేదు.

ఆసుపత్రి మంచం మీద నుంచి అక్క చెప్పిన పని ఒకటే. “కిటికీ పాపకి ఎడమ చెవి వినికిడి తగ్గుతోందే. ఆ పక్క నుంచి పిలిస్తే పలకదు. చెవి డాక్టరు పెద్దాసుపత్రికి టర్ముకోసారే వస్తాడు. ఈసారి చూపించకపోతే ఉన్నదీ పోతుందేమో. వాళ్ళ నాన్నతో చెప్పు.”

“నాకు సైగలు రావు కదక్కా.”

“ఇంటికొచ్చాక నేర్పిస్తాలే.”

ఇంటికి రాలేదు.

*

చిన్న టీచరు ముందు హెడ్మాస్టరుగారిని అడిగింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పరిష్కారం చెప్పారు. “ఉత్తరం రాయండి.”

“ఆయనకి చదవడం రాదండీ.”

“రాయడం మన పనమ్మా. చదవడం వాళ్ళ పని. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి.”

బడి ముద్ర వేసిన ఉత్తరం పాప సంచిలో లాండ్రీకి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే తిరిగి వచ్చింది. ఒక్క ముడత లేదు. సంచిలో నలిగిన కాగితాన్ని లాండ్రీ నాన్న తడిగుడ్డ వేసి శ్రద్ధగా ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి మడిచి పంపాడు. హెడ్మాస్టరుగారు ముచ్చటపడి దాన్ని నోటీసు బోర్డుకి పెట్టించారు. తల్లిదండ్రులు స్పందించడం మొదలుపెట్టారనడానికి అది తొలి ఆధారమని స్టాఫు మీటింగులో అన్నారు.

సాయంత్రం చిన్న టీచరు స్వయంగా లాండ్రీకి వెళ్ళింది. షాపులో ఆవిరి, గంజి వాసన. తలుపు మీద చిన్న బెల్లు. ఎవరైనా వచ్చి తలుపు తోస్తే అది మోగుతుంది. కిటికీ పాప బల్ల వెనక నుంచి లేచి నాన్న చొక్కా లాగుతుంది. ఆయన తిరిగి చూస్తాడు. అక్కడ వ్యాపారమంతా అలా నడుస్తోంది.

చిన్న టీచరు తన ఎడమ చెవి పట్టుకుని, తల అడ్డంగా ఊపింది. లాండ్రీ నాన్న చిరునవ్వు నవ్వాడు. తనూ చెవి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. వినబడదండీ, మీకు తెలీదా, అన్నట్టు. ఆమె పాపని చూపించి మళ్ళీ చెవి పట్టుకుంది. ఆయన కూడా పాపని చూపించి, దాని చెవి ముట్టుకుని, తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నా చెవులు ఇదే, అన్నట్టు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

ఇక లాభం లేదని చిన్న టీచరు పాపనే అడిగింది. “నాన్నకి చెప్పమ్మా. నీ ఎడమ చెవి డాక్టరుకి చూపించాలని టీచరు అంటోందని చెప్పు.”

పాప చేతులు గాలిలో చకచకా కదిలాయి. లాండ్రీ నాన్న మొహం వెలిగిపోయింది. పాపని ఎత్తుకున్నాడు. టీచరు చేతిలోని రుమాలు అడిగి తీసుకుని, ఇస్త్రీ చేసి, రెండు చేతులతో అందించాడు.

బయటికొచ్చాక చిన్న టీచరు అడిగింది. “ఏం చెప్పావే?”

“క్లాసులో నేనే ఫస్టని.”

“అదేమిటమ్మా!”

పాప, టీచరు తన కుడి పక్కన ఉండేలా మారి నడుస్తూ అంది. “నాక్కూడా వినబడదని తెలిస్తే నాన్న భయపడతాడు టీచర్. బెల్లు ఎవరు వింటారు మరి?”

దానికి జవాబు అక్క దగ్గర ఉండేదేమో, అనుకుంది చిన్న టీచరు.

*

విద్యాశాఖ ఆఫీసులో ‘భిన్న అవసరాల విభాగం’ అని కొత్త బోర్డు వెలిసింది. దాని కింద ఆఫీసరుగారు వెలిశారు. ఆయన సహనానికి చెయ్యెత్తి మొక్కాలి. ఎవరు ఏ అవసరం చెప్పినా కళ్ళు మూసుకుని పూర్తిగా వినేవారు. చిన్న టీచరు చెప్పింది కూడా అలాగే విన్నారు.

“సైగల భాష వచ్చిన మనిషి ఒకరు కావాలండీ. ఒక్క గంట చాలు. వినబడని తండ్రితో ఒక మాట చెప్పాలి.”

“వినబడదంటే, ఎంత వినబడదు?”

“అసలు వినబడదండీ.”

“మీరు మామూలు గొంతుతో చెప్పి ఉంటారు.”

“పుట్టుకతోనే వినబడదండీ ఆయనకి.”

“అందుకే చెబుతున్నా. మామూలు గొంతు చాలదు.” ఆఫీసరుగారు కళ్ళు తెరిచారు. “మీరు నిశ్చింతగా వెళ్ళండమ్మా. ప్రభుత్వం ఉంది.”

ఆ వారంలోనే ప్రభుత్వం లారీలో వచ్చింది. మనిషంత ఎత్తు లౌడ్‌స్పీకరు. దాన్ని మేడ మీద బిగించి పరీక్షించినప్పుడు మూడో తరగతి గోడ మీది గడియారం ఆగిపోయింది. లాండ్రీ నాన్నకి వినబడాలంటే ఆ మాత్రం ఉండాలని ఆఫీసరుగారు చెప్పారు. మేడ ఎక్కలేని మామ్మకి కింద నుంచే వినబడుతుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సమ్మకి సభలో నిద్ర పట్టదు. వస్తువు ఒకటి, అవసరాలు మూడు. మంత్రిగారు ఒకటే పరిష్కారం అన్నప్పుడు నవ్వినవాళ్ళు నోరు మూసుకున్నారు. స్పీకరు ఆన్‌లో ఉన్నంతసేపు ఎలాగూ ఎవరి నోరూ ఎవరికీ వినబడలేదు.

అంత చేసినా లాండ్రీ నాన్న తల్లిదండ్రుల సభకి రాలేదు. సభ పదకొండింటికి. పదకొండింటికి ఆయన షాపులో హోటలు దుప్పట్లు ఉతుకుతుంటాడు. ఆయనొక్కడి వల్ల బడి హాజరు నూరు శాతానికి ఒక్క తండ్రి దూరంలో ఆగిపోయింది. హెడ్మాస్టరుగారికి అన్నం సహించలేదు.

“ఆయన్ని తీసుకురావడానికి మీకున్న ఇబ్బందేమిటి?” ఆఫీసరుగారు అడిగారు.

“ఆయన రావడం లేదండీ.”

“ఆయన రానక్కర్లేదు. తండ్రి వస్తే చాలు.”

హెడ్మాస్టరుగారు అర్థమైనట్టు తలూపారు. నిజంగా అర్థమైంది మర్నాడే. ఆఫీసు జీపులో ఒక తండ్రి దిగాడు.

ఆయన్ని ప్రతినిధి నాన్న అనాలని ఉత్తర్వు. బూడిదరంగు కోటు, నున్నగా దువ్విన తల, చూడగానే నమ్మాలనిపించే చిరునవ్వు. అంతకుముందు ఒక పరుపుల కంపెనీ ప్రకటనల్లో హాయిగా నిద్రపోయే ఇంటి యజమానిగా చేశాడట. రాలేని తల్లిదండ్రుల తరఫున వచ్చి, వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ బదులు తలూపి, వాళ్ళ సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. మనిషి మంచివాడు. ఎక్కడా తలపొగరు లేదు. మూడో తరగతికి వచ్చి కిటికీ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“పనివేళల్లో నన్ను నాన్నా అనొచ్చు తల్లీ.”

పాప ఆయన కోటు ముట్టుకుని చూసింది. “మా షాపులో కూడా ఉంటారా అంకుల్? బెల్లు వింటారా?”

“అది నా పరిధిలోకి రాదమ్మా,” అన్నాడాయన, చాలా బాధగా.

చిన్న టీచరుకి ఒక ఆలోచన వచ్చింది. సిగ్గుపడుతూనే వచ్చింది. చెవి డాక్టరు అప్పటికే ఊళ్ళోకి వచ్చి ఉన్నాడు. పిల్ల చెవి చూడాలంటే తండ్రి వెంట రావాలి, సంతకం పెట్టాలి. ఈయన సంతకం చెల్లుతుందట కదా. చెల్లితే చెల్లనీ. లాండ్రీ నాన్నకి నిదానంగా, తను సైగలు నేర్చుకునైనా చెప్పుకోవచ్చు. ముందు చెవి దక్కాలి.

“రేపు పాపని పెద్దాసుపత్రికి తీసుకెళ్తారా?” అని అడిగింది.

“తండ్రిగా అది నా ధర్మం టీచరుగారూ,” అన్నాడు ప్రతినిధి నాన్న. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

మర్నాడు ఆయన సాయంత్రం తిరిగి వచ్చాడు. ఒక్కడే. పాప క్లాసులోనే ఉంది. మంత్రిగారి రాకకి స్వాగతం రిహార్సల్సు జరుగుతున్నాయి కాబట్టి పిల్లల్ని ఎవరినీ బయటికి పంపకూడదని హెడ్మాస్టరుగారు ఆపేశారని చిన్న టీచరుకి అప్పుడే తెలిసింది.

“మరి మీరెందుకు వెళ్ళారండీ?”

“అపాయింట్‌మెంటు పాడు చేసుకుంటామా టీచరుగారూ? వెళ్ళాక డాక్టరుగారు నా చెవులు చూశారు. అద్భుతంగా ఉన్నాయన్నారు. గుండుసూది పడ్డా వింటానట.” ఆయన మొహంలో నిజమైన సంతోషం ఉంది. “శుభవార్త మీకే ముందు చెబుదామని పరిగెత్తుకొచ్చా.”

ఆఫీసరుగారికి చెప్పడానికి అంతకంటే వేగంగా పరిగెత్తినవారు హెడ్మాస్టరుగారు. కిటికీ పాప తండ్రికి వినబడుతోంది! పథకం మొదలైన కొన్నాళ్ళకే! ఆఫీసరుగారు ఫోనులోనే తనని తాను అభినందించుకున్నారట. లౌడ్‌స్పీకరు ఇంత త్వరగా పనిచేస్తుందని ఆయన కూడా అనుకోలేదు.

*

మంత్రిగారు వచ్చిన రోజు బడి ఆవరణలో షామియానా, వేదిక, మేడ మీద స్పీకరు. కుర్చీలన్నీ నిండాయి. అసలు తల్లిదండ్రులు కొందరే. మిగతావాళ్ళు, ప్రతినిధి నాన్న విజయం చూసి ఆఫీసు రకరకాల కోట్లలో పంపిన ప్రతినిధులు. నర్సమ్మ తరఫున ఒకావిడ ఏమాత్రం నిద్రమత్తు లేకుండా కూర్చుంది. మామ్మ తరఫున వచ్చిన కుర్రది మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి చూపించింది. ఎంత మార్పు తెచ్చామో చూడమని ఆఫీసరుగారు విలేకరుల్ని ఆ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు.

చిన్న టీచరు గేటు దగ్గర డ్యూటీలో ఉంది. అప్పుడు లాండ్రీ నాన్న వచ్చాడు. షాపు మూసి వచ్చాడు. ఎందుకంటే పాప క్లాసులో ఫస్టని టీచరే స్వయంగా వచ్చి చెప్పింది. వేదిక మీద బహుమతి ఇస్తారనుకుని ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

గేటు దగ్గరి వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎవరి తాలూకు?”

“కిటికీ పాప వాళ్ళ నాన్న,” అంది చిన్న టీచరు.

వాచ్‌మన్ వేదిక వైపు చూశాడు. “ఆయన లోపలున్నారు కదమ్మా.”

“అసలు నాన్న ఈయన.”

“అయ్యుండొచ్చమ్మా. కానీ ఒక పిల్లకి ఒక్క నాన్నే అని చెప్పారు. లోపలాయన బయటికొస్తే ఈయన్ని పంపిస్తా.”

లాండ్రీ నాన్నకి ఇవేవీ వినబడలేదు. ఆయన గేటు ఊచలు పట్టుకుని వేదికనే చూస్తున్నాడు. అక్కడ ఆ సంవత్సరపు ఉత్తమ తండ్రిగా ప్రతినిధి నాన్నకి శాలువా కప్పుతున్నారు. పక్కన కిటికీ పాప నిలబడింది. కెమెరాలు అటు తిరిగాయి.

మంత్రిగారు వంగి, ఎడమ పక్క నుంచి, పాపని ముద్దుగా అడిగారు. “నాన్నంటే నీకు ఎంత ఇష్టమమ్మా?”

పాప ఎదురుగా చూస్తూ ఉండిపోయింది.

“చెప్పమ్మా. ఎంత ఇష్టం?”

పాప కదల్లేదు. జనం నవ్వేసరికి, ఏదో జరిగిందని గ్రహించి, ఒళ్ళంతా తిప్పి కుడి చెవిని మంత్రిగారి వైపు పెట్టింది.

“చూశారా!” అన్నారు మంత్రిగారు మైకులో. “మాటల్లో చెప్పలేనంత ఇష్టం! ఇదీ మనం సాధించింది!” చప్పట్లు మోగాయి. స్పీకరు వాటిని వీధి చివరిదాకా పంపింది.

గేటు దగ్గర లాండ్రీ నాన్న నవ్వడం ఆపేశాడు. పిల్ల ఒళ్ళు తిరిగిన ఆ తిరుగుడు ఆయనకి తెలుసు. ఎవరైనా తనని పిలిచారేమోనని జీవితమంతా ఆయన అలాగే తిరిగి చూశాడు. చిన్న టీచరు వైపు తిరిగాడు. తన ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టాడు. పాపని చూపించాడు. కనుబొమలెత్తి, ఆగాడు.

చిన్న టీచరు అవునని తలూపింది.

ఆయన మళ్ళీ ఊచలు పట్టుకున్నాడు. ఆమె పక్కనే నిలబడింది. ఓదార్పుని చేతులతో ఎలా చెబుతారో ఆమెకి తెలీదు. ఆ మాటకొస్తే నోటితో ఎలా చెబుతారో కూడా ఈ మధ్య ఆమెకి గుర్తు రావడం లేదు. కాసేపటికి ఆయనే ఆమె భుజం తట్టాడు.

*

డాక్టరు వెళ్ళిపోయేది మర్నాడే. పొద్దున్నే ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్ళారు. లాండ్రీ నాన్న షాపు తెరవలేదు. గాజు తలుపు వెనక డాక్టరు ఖాళీగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పేపరు మొదటి పేజీలో మంత్రిగారు, పాప, ప్రతినిధి నాన్న నవ్వుతున్నారు. ఈ ప్రాంతంలో వినబడని తల్లిదండ్రులు ఇక ఒక్కరు కూడా లేరని పెద్దక్షరాల్లో ఉంది.

కౌంటరమ్మ మర్యాదస్తురాలు. “ఈ పాప కేసు అయిపోయిందండీ. నాన్నగారు వచ్చి వెళ్ళారు.”

“పాపని ఇంకా చూడలేదమ్మా,” అంది చిన్న టీచరు.

“చూడాలంటే నాన్నగారు ఉండాలండీ.”

“ఈయనే.”

కౌంటరమ్మ లాండ్రీ నాన్నని కాస్త గట్టిగా పలకరించింది. ఆయన చిరునవ్వు నవ్వి, చెవి చూపించి, తల అడ్డంగా ఊపాడు.

“చూశారా మరి,” అందామె, నొప్పించకుండా. “ఈ పాప నాన్నగారికి చక్కగా వినబడుతుందండీ. డాక్టరుగారే సంతకం పెట్టారు. ఈయన ఆయన ఎలా అవుతారు?”

“పోనీ ఆయన్నే పిలిపిస్తే?”

“పిలిపించొచ్చు. కానీ నిన్నటి సభ తర్వాత ప్రమోషనొచ్చి వెళ్ళారట. పక్క ఊరి బడిలో ఇప్పుడు ఆయన అమ్మ.”

కిటికీ పాప నాన్న వైపు తిరిగింది. కౌంటరమ్మ అన్నవన్నీ చేతులతో చెప్పింది. ఈసారి ఏదీ మార్చి చెప్పినట్టు లేదు. లాండ్రీ నాన్న చివరిదాకా చూశాడు. పాప చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, అక్కడి బల్ల మీద కూర్చున్నాడు. చిన్న టీచరు పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం డాక్టరు పేపరు మడిచి పెట్టుకుని బయటికొచ్చి, వాళ్ళని చూసి పలకరింపుగా నవ్వి, కారెక్కాడు.

పాప ఎడమ చెవి పరీక్ష ఇంకా జరగలేదు.